బొమ్మల మధ్య మాండరిన్: ప్లేగ్రూపు సాయంతో పసిబిడ్డకు ఎలా నేర్పించాలి?

చైనా ప్రధాన భాష అయిన మాండరిన్‌లో నాన్నను పిలిచే మాట తెలుగు చెవికి దాదాపు ‘పాప’ అని వినిపిస్తుంది. ఒక సాయంత్రం మా అమ్మాయి తండ్రికి ఎదురు వెళ్ళి ‘పాప!’ అంటూ చేతులు చాచింది. తన గురించి తానే చెప్పుకుంటోంది కాబోలనుకుని ఆయన ‘అవును, పాపే’ అంటూ ఎత్తుకున్నారు. విషయం నాకు వెలిగేసరికి రెండు రోజులు పట్టింది. అప్పటికి మేము మాండరిన్ ప్లేగ్రూపుకు, అంటే పసిపిల్లలూ పెద్దలూ కలిసి ఆ భాషలో ఆడుకునే చోటుకు, వెళ్ళడం మొదలుపెట్టి మూడు నెలలు దాటింది. ఆ గదిలో మాత్రం తను అంతవరకూ పెదవి విప్పలేదు.

ఏడాదిన్నరకూ మూడేళ్ళకూ మధ్య వయసున్న బిడ్డను ఇలాంటి గ్రూపులో చేర్చాలనుకునేవారి కోసం, ముఖ్యంగా ఇంట్లో ఎవరికీ మాండరిన్ రానివారి కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా లెక్క చూసుకోండి

వారానికి ఒకసారి, గంటన్నర. అంటే నెలకు ఆరు గంటలు. రెండేళ్ళ బిడ్డ ఒక్క రోజులో మెలకువగా ఉండే సమయంలో అది సగం. ఇంతమాత్రానికే బిడ్డ గడగడా మాట్లాడేస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. దక్కేవి వేరే ఉన్నాయి. ఆ భాష ధ్వనులకు చెవి అలవాటు పడుతుంది. రోజూ వాడే మాటలు కొన్ని అర్థమవుతాయి, వాటిలో కొన్ని నోటికీ వస్తాయి. ఆ భాష మాట్లాడే మనుషుల దగ్గర బెరుకు పోతుంది. నా దృష్టిలో ఇది తక్కువేమీ కాదు.

కొద్ది గంటలకే ఫలితం ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో చూపించిన ప్రయోగం ఒకటుంది. అమెరికా శాస్త్రవేత్త పట్రీషియా కూల్ బృందం దాన్ని 2003లో ప్రచురించింది. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలో పెరుగుతున్న తొమ్మిది నెలల పిల్లలతో మాండరిన్ మాట్లాడే పెద్దలు పన్నెండుసార్లు, ఒక్కోసారి సుమారు 25 నిమిషాలు, పుస్తకాలు చదువుతూ బొమ్మలాడిస్తూ గడిపారు. తరవాత పరీక్షిస్తే ‘శీ’, ‘ఛీ’లకు దగ్గరగా ఉండే రెండు మాండరిన్ ధ్వనుల తేడాను ఆ పిల్లలు పట్టుకోగలిగారు. అదే సరుకును వీడియోలో చూసిన పిల్లలకు గానీ, శబ్దం మాత్రమే విన్న పిల్లలకు గానీ ఏమీ అంటలేదు.

వాళ్ళు పసికందులు, మీ బిడ్డ అంతకన్నా పెద్ద. అయినా ప్లేగ్రూపు విషయంలో నేను దీన్నే పట్టుకుని నడిచాను: గ్రూపును అందులోని పిల్లలను చూసి కాకుండా పెద్దలను చూసి ఎంచుకోవాలి. తోటి పిల్లల నుంచి భాష దానంతట అదే అంటుకుంటుందని చాలామంది అనుకుంటారు. ఐదేళ్ళ పిల్లల సంగతి వేరు. రెండేళ్ళవాళ్ళు ఒకరితో ఒకరు ఆడడం కన్నా ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఎవరి ఆట వారు ఆడుకోవడమే ఎక్కువ. పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ 1932లోనే ఈ పక్కపక్క ఆట గురించి రాశారు. వాళ్ళ సంభాషణ ‘నాది’, ‘ఇవ్వను’ దగ్గరే ఆగిపోతుంది. పాటలు, బుజ్జగింపులు, కబుర్లు అన్నీ చాప మీద కూర్చున్న పెద్దల నోటి నుంచే రావాలి.

చేరే ముందు ఒకసారి కూర్చుని చూడండి

బిడ్డతో సహా వెళ్ళి ఒక పూట గమనించండి. బొమ్మలు ఎన్ని ఉన్నాయి, గది ఎంత బాగుంది అన్నవి తరవాత. పెద్దలు తమలో తాము ఏ భాషలో మాట్లాడుకుంటున్నారు? పిల్లవాడు పడి ఏడిస్తే ఏ భాషలో ఓదారుస్తున్నారు? పాట వరకు మాండరిన్, పాట అయిపోగానే అందరికీ తెలిసిన మరో భాష అయితే అది మాండరిన్ గ్రూపు కాదు, మాండరిన్ పాటలు పాడే గ్రూపు. అలాగే పిల్లలను వరసగా కూర్చోబెట్టి బొమ్మల కార్డులు చూపించి ‘ఇది ఏమిటి? చెప్పు, చెప్పు’ అని అడిగే చోటు నుంచి నేనైతే మర్యాదగా లేచి వచ్చేస్తాను. ఈ వయసుకు అది తరగతి గది అవుతుంది.

నిర్వాహకులను అడగవలసిన ప్రశ్నలు మూడు. ప్రతివారం వచ్చే పెద్దలు వారేనా? మాండరిన్ ధారాళంగా మాట్లాడేవారు కనీసం ఇద్దరున్నారా? (ఒక్కరే ఉంటే ఆమె ఎవరితో మాట్లాడుతుంది?) మాండరిన్ సరిగా రాని తల్లిదండ్రులు తప్పులతో మాట్లాడినా పరవాలేదా? మూడోదానికి నవ్వుతూ ‘పరవాలేదు’ అంటే ధైర్యంగా చేరిపోండి.

మాట్లాడేవారు ఏ ప్రాంతంవారని బెంగపడకండి. చైనా ఉత్తరాదివారు నాలుక బాగా మడిచి పలికే ‘ష’ను, దక్షిణాదివారిలోనూ తైవాన్‌వారిలోనూ చాలామంది ‘స’కు దగ్గరగా పలుకుతారు. పిల్లలకు రెండూ అర్థమవుతాయి, పెద్దలమే తికమకపడతాం.

గ్రూపు దొరకకపోతే

నాలుగైదు కుటుంబాలు చాలు. అందులో ఇద్దరు పెద్దలకు మాండరిన్ బాగా రావాలి, మిగిలినవారికి సిగ్గు లేకుండా ఉంటే చాలు. వారం, వేళ మార్చకండి. పిల్లలకు గడియారం తెలియకపోయినా వరస తెలుస్తుంది: ముందు పేర్లు పిలిచే పాట, ఆ తరవాత పరుగులు పెట్టే ఆట, తరవాత నీళ్ళూ పండ్లూ, ఒక పుస్తకం, బొమ్మలు సర్దడం, వీడ్కోలు. ప్రతివారం ఇదే వరస, అవే మాటలు. మూడో వారానికే పెద్దలకు విసుగు పుడుతుంది. కొత్త పాటలు, కొత్త ఆటలు తెద్దామని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. బిడ్డకు సరిగ్గా అప్పుడే తరవాత ఏ మాట వస్తుందో ముందే తెలియడం మొదలవుతుంది.

బొమ్మలు తక్కువగా పెట్టండి. ఒకే బంతి ఉంటే ‘ఇప్పుడు నీ వంతు’ అనే మాట పదిసార్లు పుడుతుంది. ఆరు బంతులు ఉంటే ఒక్కసారీ పుట్టదు.

మొదటి వారాలు: నేల మీద కూర్చోండి, నోరు కట్టుకోండి

గోడ వారగా కుర్చీ వేసుకుని ఫోను చూసుకునే తల్లిదండ్రులను చూసి బిడ్డ కూడా ఆ గదిని కాసేపు ఉండి వెళ్ళిపోయే చోటుగానే తీసుకుంటుంది. మీరు చాప మీదకు దిగండి. పాటలో చేతులు ఊపండి. మాటలు రాకపోయినా అభినయం చేయండి.

ప్రతి వాక్యాన్నీ బిడ్డ చెవిలో తెలుగులోకి అనువదించాలన్న ఆత్రాన్ని అణచుకోవడం అన్నిటికన్నా కష్టం. నాకూ కష్టమే అయింది. అనువాదం వస్తుందని తెలిసిన బిడ్డ అసలు మాట వినడం మానేసి మీ వైపు చూస్తుంది. ఎదుటి మనిషి బంతి చాచి ‘కేయ్ నీ’ అన్నప్పుడు ‘ఇదుగో తీసుకో’ అని వేరే చెప్పనక్కర్లేదు, ఆ చెయ్యే చెబుతోంది. బిడ్డ భయపడినా, అలిసినా మాత్రం నియమాలు పక్కన పెట్టి తెలుగులోనే దగ్గరకు తీసుకోండి.

గదిలోని పెద్దల్లో ఒకరు బిడ్డకు నచ్చుతారు. ఎందుకు నచ్చుతారో చెప్పలేం. మా అమ్మాయికి ఒకావిడ గాజుల చప్పుడు నచ్చింది. ఆ మనిషి ఎవరో కనిపెట్టి వారి పక్కనే చోటు చూసుకోండి. అమ్మ ఈడు ఆడవారిని పిల్లలు అక్కడ ‘ఆయీ’ అని పిలుస్తారు, పిన్ని అన్నట్టు. బిడ్డ మొదటి మాట చాలావరకు ఆ ఆయీ కోసమే పుడుతుంది.

నెలల తరబడి ఏమీ మాట్లాడకపోవచ్చు. కొత్త భాషలో పిల్లలు ఇలా మౌనంగా ఉండిపోవడం మామూలే. మాట రాలేదని చూడకండి, అర్థమవుతోందా అని చూడండి. ‘షోవ్ వాన్‌చ్యూ’, అంటే బొమ్మలు సర్దుదాం అనగానే బుట్ట వైపు నడుస్తోందా? అయితే పని జరుగుతోంది.

ధ్వనులు: ఇక్కడ తెలుగువారి పని కొంత సులువు

మాటలను రోమన్ అక్షరాల్లో రాసే పిన్యిన్ అనే పద్ధతిని చైనా 1958లో ఆమోదించింది. గ్రూపులో మీకు ఇచ్చే పాటల కాగితాలన్నీ బహుశా అందులోనే ఉంటాయి. దాన్ని ఇంగ్లీషులా చదివితే తప్పుదారి పడతారు. అందులో ‘బి’, ‘డి’, ‘జి’ అక్షరాలు కనిపించినచోట పలికేవి దాదాపు మన ప, త, క. ‘పి’, ‘టి’, ‘కె’ కనిపించినచోట పలికేవి వాటి ఒత్తు రూపాలు: ఫ, థ, ఖ. అందుకే ‘బాబా’ అని రాసినట్టు కనిపించే నాన్న నోట్లో ‘పాప’ అవుతాడు. ఇక్కడ ‘ఫ’ అంటే రెండు పెదవులూ కలిపి గాలి ఒత్తి పలికే అసలు మహాప్రాణం, ‘ఫోను’లో పలికేది కాదు.

ఈ ఒత్తు అక్కడ అర్థాన్నే మార్చేస్తుంది. పొట్టను ‘తూౘ’ అంటారు, కుందేలును ‘థూౘ’ అంటారు. స్వరం, అంటే గొంతు ఎత్తుపల్లం, రెండిటికీ ఒకటే, తేడా అంతా ఒత్తులోనే. బిడ్డకు పొట్టనొప్పి అని చెప్పబోయి కుందేలుకు నొప్పి అని చెప్పింది నేనే. చివర ఉన్న ‘ౘ’ కూడా మనదే: ‘చాప’, ‘చుక్క’ అనేటప్పుడు పెద్దవారు పలికే దంత్య చకారం. పిన్యిన్‌లో ‘జెడ్’ కనిపిస్తే అదే పలకండి. ‘ఎక్స్’ కనిపిస్తే శ, ‘ఎస్‌హెచ్’ కనిపిస్తే ష. మనలో చాలామంది నోట శ, ష కలిసిపోయాయి గాని, బడిలో నేర్చిన తేడా ఎక్కడికీ పోదు, కాస్త దులిపితే చాలు.

కాబట్టి మీ కోసం రాసుకునే చీటీలు తెలుగు లిపిలో రాసుకోండి. స్వరాలకు మాత్రం మన లిపిలో గుర్తులు లేవు, పక్కన అంకె వేసుకోండి. మాండరిన్‌లో నాలుగు స్వరాలు, వాటికి తోడు తేలిగ్గా వదిలేసే తటస్థ స్వరం ఒకటి. మొదటిది శ్రుతి పట్టినట్టు ఎత్తున నిలకడగా సాగుతుంది. రెండోది సరిగా వినబడక ‘ఆఁ?’ అని అడిగినట్టు పైకి లేస్తుంది. మూడోది సందేహంగా ‘ఊఁ...’ అన్నట్టు అడుగున ఉంటుంది. నాలుగోది ‘ఛ!’ అని కసిరినట్టు పైనుంచి కిందికి పడుతుంది. ‘మా’ అన్న అక్షరమే మొదటి స్వరంలో అమ్మ, రెండోదానిలో జనుము, మూడోదానిలో గుర్రం, నాలుగోదానిలో తిట్టడం.

ఇవన్నీ మీ కోసమే, బిడ్డకు పాఠంగా చెప్పకండి. మాండరిన్ ఇళ్ళలోని పిల్లలు హల్లులు సరిగా పలకడానికి చాలా ముందే స్వరాలను పట్టుకుంటారని భాషావేత్తలు చార్ల్స్ లీ, సాండ్రా థాంప్సన్ 1977లో చూపారు. మీ బిడ్డ కూడా అక్షరాలు ముక్కలు చేసి, రాగం మాత్రం సరిగా పలకవచ్చు. దాన్ని దిద్దకండి. మన వైపు నుంచి జరిగే పొరపాటు ఒకటుంది. కుక్క బొమ్మ చూపించి ‘కోవ్?’ అని ప్రశ్నలా గొంతు పైకి లేపి అడుగుతాం. కుక్కది మూడో స్వరం. అలా లేపితే మాటే మారిపోతుంది. మాండరిన్‌లో ప్రశ్న అడగడానికి వాక్యం చివర ‘మ’ చేరుస్తారు, ‘కావాలి’కి మనం ‘ఆ’ చేర్చి ‘కావాలా’ అన్నట్టే. ‘నీ యావ్ షుయ్ మ’ అంటే ‘నీకు నీళ్ళు కావాలా’.

ఏ మాటలతో మొదలుపెట్టాలి

రంగులూ జంతువుల పేర్లూ కాదు. తెలుగులో ‘తిన్నావా?’, ‘రా’, ‘చూడు’ అన్నట్టు మాండరిన్‌లోనూ క్రియ ఒక్కటే వాక్యంగా నిలబడుతుంది. పరిశోధకురాలు ట్వైలా టార్డిఫ్ 1996లో ప్రచురించిన పరిశీలనలో మాండరిన్ పసిపిల్లలు నామవాచకాల కన్నా క్రియలే ఎక్కువగా వాడుతున్నట్టు తేలింది. అందుకని పనికొచ్చే మాటలు ఎంచుకోండి: లాయ్ (రా), ఖాన్ (చూడు), వో యావ్ (నాకు కావాలి), పూ యావ్ (వద్దు), హాయ్ యావ్ (ఇంకా కావాలి), మేయ్ యోవ్ ల (అయిపోయింది), లున్ తావ్ నీ ల (నీ వంతు వచ్చింది), పావ్‌పావ్ (ఎత్తుకో). ‘పూ యావ్’ అన్నిటికన్నా ముందు వస్తుందని పందెం కాయవచ్చు. అది నిజంగా పనిచేస్తుందని చూపించండి: బిడ్డ ‘పూ యావ్’ అంటే ఆ వస్తువు వెంటనే తీసేయండి.

వరసల విషయంలో మనకు కొత్తేమీ లేదు. అన్న, తమ్ముడు, అక్క, చెల్లి అని వయసును బట్టి నాలుగు వేర్వేరు మాటలు అక్కడా ఉన్నాయి. అక్కను ‘చియెచియె’, చెల్లిని ‘మేయ్‌మెయ్’, తమ్ముడిని ‘తీతి’ అంటారు, అన్నకు కూడా విడిగా మాట ఉంది. బంధుత్వం లేని తోటి పిల్లలనూ అలాగే పిలుస్తారు. ఇంట్లో ఫోటో చూపించి ఆ పిల్లలను అలాగే పిలవండి.

అంకెలు పాటలో వాటంతట అవే వస్తాయి.

ఇంట్లో: ఒక్క పని, ఒకే భాష

వారానికి గంటన్నరను కాపాడేవి మిగిలిన ఆరు రోజులు. రోజంతా వచ్చీరాని మాండరిన్ మాట్లాడాలని ప్రయత్నించి రెండో వారానికి మానేసినవారిని చూశాను (వారిలో నేనూ ఉన్నాను). దాని బదులు రోజూ తప్పని పని ఒక్కటి తీసుకోండి. చేతులు కడుక్కోవడం కావచ్చు, చెప్పులు తొడుక్కోవడం కావచ్చు. ఆ నాలుగు నిమిషాలకు కావలసిన ఐదారు వాక్యాలు గ్రూపులోని ఆయీ చేత మీ ఫోనులో పలికించుకోండి. బిడ్డకు వినిపించడానికి కాదు, మీరు నేర్చుకోవడానికి. నోటికి వచ్చాక ఆ పని జరిగినంతసేపూ మాండరిన్, పని అవగానే తెలుగు. ఒక పని కుదిరాకే రెండోది కలపండి.

మీ ఉచ్చారణ బిడ్డకు అంటుకుని పాడవుతుందన్న బెంగ వద్దు. గ్రూపులో అసలు పలుకు ఎలాగూ వింటోంది. మీ పలుకు వల్ల ఆ మాట వారం పొడవునా బతికి ఉంటుంది.

కార్టూన్లతో పని జరిగిపోతుందనుకోకండి. పైన చెప్పిన ప్రయోగం ఒక కారణం. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు తెర సమయం రోజుకు గంట దాటకూడదని, అంతకన్నా తగ్గితే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పడం మరో కారణం. తెర పెడితే పక్కన కూర్చుని, అందులోని మాటను వెంటనే ఆటలోకి తీసుకురండి. ఆయీతో వీడియో కాల్ మాత్రం వేరే సంగతి: బిడ్డ చేసినదానికి అవతల మనిషి బదులిస్తుంది.

బంధువులు వచ్చినప్పుడు ‘ఏదీ, చైనా భాషలో ఒకటి చెప్పు’ అని బిడ్డను నిలబెట్టకండి. రెండుసార్లు అలా చేస్తే మూడోసారి ఆ భాష వినగానే సోఫా వెనక దాక్కుంటుంది.

రెండు భాషలు కలిసిపోతే

‘హాయ్ యావ్ నీళ్ళు’ అంటుంది. అంటే గందరగోళంలో పడిందని కాదు, చేతిలో ఉన్న మాటలన్నీ వాడుకుంటోంది. మీరు ‘ఇంకా నీళ్ళు కావాలా?’ అని తెలుగులో పూర్తి వాక్యం అని గ్లాసు ఇవ్వండి. ఆయీ అయితే తన భాషలో పూర్తి వాక్యం అంటుంది. బిడ్డకు ఎన్ని మాటలు వచ్చో లెక్క వేసేటప్పుడు రెండు భాషలవీ కలిపి లెక్క వేయండి.

రెండో భాష వల్ల మాటలు ఆలస్యమవుతాయని భయపెట్టేవారు ఎప్పుడూ ఉంటారు. మాటల లోపం రెండు భాషలు వినడం వల్ల రాదు. అయితే అదే ధీమాతో అసలు సమస్యను వదిలేయకూడదు. పిలిస్తే పలకకపోయినా, రెండేళ్ళు నిండాక కూడా ఏ భాషలోనూ రెండు మాటలు కలిపి అనకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా పిల్లల వైద్యులకు చూపించి వినికిడి పరీక్ష చేయించండి. మాండరిన్ ఆపేయడం దానికి మందు కాదు.

అక్షరాలు ఇప్పుడే వద్దు

చైనా, సింగపూర్‌లలో సరళ లిపి, తైవాన్, హాంకాంగ్‌లలో సంప్రదాయ లిపి వాడతారు. ఏది ఎంచుకోవాలన్న చర్చ గ్రూపుల్లో వాడిగా సాగుతుంది. మూడేళ్ళ లోపు బిడ్డకు అందులో పని లేదు. పుస్తకంలో బొమ్మలు చూపిస్తూ ఆయీ చదివితే చాలు.

గ్రూపు ఆగినప్పుడు

సెలవులు వస్తాయి, ఎవరో ఊరు మారతారు, ఒక నెల అందరి పిల్లలకూ జలుబే. ఈ విరామాలకు ముందే ఏర్పాటు చేసుకోండి. గ్రూపులోని వారందరి ఫోటో ఒకటి బిడ్డ కంటి ఎత్తులో గోడకు అంటించండి. పేర్లు పిలిచే పాటను ఆ ఫోటో ముందు రోజుకు ఒకసారి పాడండి. బిడ్డకు నచ్చిన ఆయీతో వారానికి పది నిమిషాలు కాల్ పెట్టండి. ఊరికే కబుర్లు చెప్పమంటే బిడ్డ కుదురుగా కూర్చోదు. రెండు వైపులా ఒకేలాంటి బంతో గుడ్డ బొమ్మో ఉంచుకుని దాన్ని దాచి వెతికే ఆట ఆడించండి. ముగించేటప్పుడు గ్రూపులో పాడే వీడ్కోలు పాటే పాడి ‘ౘాయ్‌చియెన్’ చెప్పించండి. చెప్పకపోతే ఆ పూటకు చెయ్యి ఊపినా చాలు.